ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి రివార్డు క్రెడిట్ కార్డుల ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఖర్చుకు ఒక తీరు ఉంది. కిరాణా, కూరగాయలు, మందులు ఉన్న ఊళ్లోనే కొంటాం. పెద్ద వైద్యానికీ పెళ్లి సామానుకూ విశాఖ వెళతాం. పిల్లలు హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో చదువుతూ ఉంటే రెండు మూడు నెలలకోసారి రైలెక్కుతాం. ఖర్చులో కొంత పాయింట్లుగానో సొమ్ముగానో తిరిగి ఇచ్చే రివార్డు క్రెడిట్ కార్డుల ప్రకటనలు మాత్రం తరచుగా విమానం ఎక్కే మహానగరవాసిని దృష్టిలో పెట్టుకొని తయారవుతాయి. ఆ ప్రకటనలు చూసి కార్డు తీసుకున్న బంధువులు, ఇరుగుపొరుగువారు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబులు రాస్తున్నాను. కార్డుల షరతులను బ్యాంకులు తరచుగా మారుస్తాయి కాబట్టి, దరఖాస్తు చేసే రోజున ఆ బ్యాంకు షరతుల పత్రాన్ని మరొకసారి సరిచూసుకోవడం తప్పనిసరి.

అన్నిటికంటే మంచి రివార్డు కార్డు ఏది?

మీ పాస్‌బుక్కు చూడకుండా ఎవరూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేరు. గడచిన ఆరు నెలల ఖర్చును ముందుగా ఒక కాగితం మీద విడదీసి రాయండి. ఉదాహరణకు బరంపురంలో ఉండే నలుగురి కుటుంబాన్ని ఊహించుకుందాం. వారికి నెలకు కిరాణా, కూరగాయలు, మందులు కలిపి రూ. 9,000, ఆన్‌లైన్ కొనుగోళ్లు రూ. 4,000, పెట్రోలు రూ. 3,000, రైలు టికెట్లు సగటున రూ. 2,000, కరెంటు బిల్లు రూ. 1,500 అవుతున్నాయనుకుందాం. ఏడాదికి ఇది రూ. 2,34,000. ఇందులో దాదాపు సగం వీధి దుకాణాల్లో, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చెల్లించే సొమ్ము. కాబట్టి ఈ కుటుంబం అడగవలసిన మొదటి ప్రశ్న విమానాశ్రయ లాంజ్ (విశ్రాంతి గది) గురించో విమాన మైళ్ల (టికెట్లకు వాడే పాయింట్ల) గురించో కాదు, మా వీధి చివరి దుకాణంలో ఈ కార్డు పనిచేస్తుందా అన్నదే.

ఆన్‌లైన్ ఖర్చుపై 5 శాతం ఇచ్చే కార్డు ఒకటి, క్యూఆర్ చెల్లింపులపై 1 శాతం ఇచ్చే కార్డు మరొకటి ఉంటే, ఆన్‌లైన్ ఖర్చు మీద ఏడాదికి రూ. 2,400, దుకాణాల ఖర్చు మీద రూ. 1,080, మొత్తం రూ. 3,480 వస్తుంది. ఈ స్థాయి ఖర్చున్న ఇంటికి బాగా ఎంచుకున్న కార్డులు ఇచ్చేది ఏడాదికి మూడు నాలుగు వేలు. అంతకు మించి ఎవరైనా ఆశ చూపితే, ఆ లెక్కను కాగితం మీద వేసి చూపమని అడగండి.

రివార్డు కార్డు ఎవరు తీసుకోకూడదు?

ప్రతి నెలా బిల్లును పూర్తిగా, గడువు తేదీ లోపల కట్టగలనన్న నమ్మకం లేనివారు తీసుకోకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు, దీనికి కారణం కూడా లెక్కలోనే ఉంది.

రూ. 40,000 బిల్లు వచ్చిందనుకోండి. అందులో 5 శాతం, అంటే రూ. 2,000 కనీస చెల్లింపుగా కట్టి ఊరుకున్నారనుకోండి. మిగిలిన రూ. 38,000 మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ రూ. 1,330 అవుతుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ. 1,569 దాటుతుంది. అదే రూ. 40,000 ఖర్చు మీద 1 శాతం చొప్పున మీకు వచ్చిన రివార్డు రూ. 400 మాత్రమే. అంటే ఒక్క నెల వడ్డీ దాదాపు నాలుగు నెలల రివార్డును తినేసింది. అసలు లెక్క దీనికంటే కఠినంగా ఉంటుంది, ఎందుకంటే బాకీ మిగిలినప్పుడు కొన్న తేదీ నుంచే వడ్డీ లెక్కిస్తారు, ఆ బాకీ తీరేవరకు కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు వర్తించదు. నెలకు 3.5 శాతం అంటే ఏడాదికి 42 శాతం. కార్డు బాకీల మీద వడ్డీ ఏడాదికి 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో పక్కన పెట్టింది కాబట్టి, ఆ రక్షణ కూడా ఇప్పుడు లేదు.

కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం ఇంకా ప్రమాదం. నగదుకు వడ్డీ లేని గడువు ఒక్క రోజు కూడా ఉండదు, పైగా విడిగా రుసుము ఉంటుంది. ఆసుపత్రిలో అత్యవసరంగా డబ్బు కట్టవలసి వస్తే నగదు తీయకుండా నేరుగా కార్డుతోనే బిల్లు కట్టండి.

వంద రూపాయలకు పది పాయింట్లు అంటే పది శాతం వచ్చినట్టేనా?

కాదు. పాయింటుకు రూపాయల్లో విలువ ఎంతో తెలియనిదే ఆ మాటకు అర్థం లేదు. ఒక పాయింటు విలువ 25 పైసలైతే వందకు పది పాయింట్లు అంటే 2.5 శాతం. పాయింటుకు రూపాయి విలువ ఉన్న మరో కార్డు వందకు మూడు పాయింట్లే ఇచ్చినా అది 3 శాతం కాబట్టి, వినడానికి చిన్నదైన ఈ రెండో కార్డే నిజానికి పెద్దది.

ఒకే పాయింటుకు వాడే చోటును బట్టి విలువ మారడం ఇంకో చిక్కు. విమాన టికెట్టుకు వాడితే ఒక విలువ, బిల్లులో సర్దుబాటు చేయమంటే అందులో మూడో వంతో నాలుగో వంతో విలువ ఇచ్చే కార్డులున్నాయి. మీరు విమానం ఎక్కని పక్షంలో ఆ తక్కువ విలువతోనే లెక్క వేసుకోవాలి. చాలా బ్యాంకులు పాయింట్లు మార్చుకున్న ప్రతిసారీ రూ. 99 రుసుమును జీఎస్టీతో కలిపి వసూలు చేస్తాయి. పాయింట్లకు కాలపరిమితి కూడా ఉంటుంది, తరచుగా అది రెండు మూడేళ్లు.

ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట. నా మొదటి కార్డును ఒక దుకాణ సముదాయంలోని బల్ల దగ్గర, ప్రతినిధి చెప్పిన పాయింట్ల సంఖ్య విని తీసుకున్నాను. ఏడాదిన్నర తరువాత వాటిని మార్చుకోబోతే పాయింటు విలువ 20 పైసలని, దానికీ వస్తువుల జాబితాలోంచే ఏదో ఒకటి ఎంచుకోవాలని తెలిసింది. అప్పటి నుంచి బిల్లులో నేరుగా సొమ్ము తగ్గించే క్యాష్‌బ్యాక్ కార్డులనే మొదటి కార్డుగా సిఫారసు చేస్తున్నాను. వాటిలో లెక్క దాచడానికి చోటు తక్కువ.

కిరాణా దుకాణంలో క్యూఆర్ స్కాన్ చేసి క్రెడిట్ కార్డుతో చెల్లించవచ్చా?

రూపే (వీసా, మాస్టర్ కార్డుల లాగే కార్డు చెల్లింపులు నడిపే నెట్‌వర్కు) క్రెడిట్ కార్డు అయితే చెల్లించవచ్చు. రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి జోడించే సౌకర్యాన్ని రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో ప్రకటించగా, ఆ ఏడాది సెప్టెంబరులో అది అమల్లోకి వచ్చింది. వీసా, మాస్టర్ కార్డులతో ఇలా స్కాన్ చేయలేం, వాటికి స్వైప్ మిషన్ కావాలి. మన పట్టణాల్లో మందుల దుకాణాలు, బట్టల దుకాణాలు, పెద్ద కిరాణాల దగ్గర తప్ప ఆ మిషన్ కనిపించదు కాబట్టి, మన ప్రాంతానికి రూపే కార్డు ఉపయోగం మహానగరంలో కంటే ఎక్కువని నా అభిప్రాయం. 2024 సెప్టెంబరు 6 నుంచి పెద్ద బ్యాంకులు కొత్త కార్డు ఇచ్చేటప్పుడు ఏ నెట్‌వర్కు కావాలో ఎంచుకునే అవకాశం ఖాతాదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన విధించింది. కాబట్టి రూపే కావాలని మీరే అడగండి.

అయితే మూడు పరిమితులు గుర్తుంచుకోవాలి. మొదటిది, వ్యాపారి పేరున నమోదైన క్యూఆర్ మీద మాత్రమే ఇది పనిచేస్తుంది. సంతలో కూరగాయలమ్మే వారు తమ సొంత ఫోను నంబరు మీదున్న కోడ్ చూపిస్తారు, అక్కడ కార్డు పనిచేయదు. బంధువులకు డబ్బు పంపడానికీ పనికిరాదు. రెండోది, చిన్న వ్యాపారుల వద్ద రూ. 2,000 వరకు చెల్లింపు మీద వ్యాపారికి రుసుము పడదు, అంతకు మించితే పడుతుంది కాబట్టి కొందరు దుకాణదారులు ఒప్పుకోరు. వారిని ఒత్తిడి చేయడం మర్యాద కాదు, వారి లాభం సన్నగా ఉంటుంది. మూడోది, యూపీఐ చెల్లింపుల మీద తక్కువ పాయింట్లు ఇచ్చే కార్డులు, అసలు ఇవ్వని కార్డులు కూడా ఉన్నాయి. రూపే గుర్తు ఉన్నంత మాత్రాన రివార్డు ఉందనుకోకూడదు.

పెట్రోలు కార్డు తీసుకోవడం లాభమేనా?

నెలకు కనీసం మూడు వేల పెట్రోలు కొట్టించేవారికి లాభం, అదీ ఒకే కంపెనీ బంకు మీకు దారిలో ఉంటేనే. ఇక్కడ ప్రకటనల్లోని ఒక మెలికను విప్పి చెప్పాలి. బీపీసీఎల్ (భారత్ పెట్రోలియం) ఎస్‌బీఐ కార్డు బీపీసీఎల్ బంకుల్లో 4.25 శాతం లాభం అని ప్రచారమైంది. అందులో 3.25 శాతం పాయింట్ల రూపంలో వచ్చేది, మిగిలిన 1 శాతం సర్‌చార్జి మినహాయింపు. కార్డుతో పెట్రోలు కొట్టిస్తే పడే సర్‌చార్జిని తిరిగి ఇవ్వడమే ఆ మినహాయింపు. నగదుతోనో బ్యాంకు ఖాతా యూపీఐతోనో చెల్లించేవారికి ఆ సర్‌చార్జి మొదటే ఉండదు, కాబట్టి దాన్ని లాభంగా లెక్క వేయకూడదు. నెలకు రూ. 3,000 చొప్పున ఏడాదికి రూ. 36,000 మీద 3.25 శాతం అంటే రూ. 1,170. వార్షిక రుసుము రూ. 499 జీఎస్టీతో సుమారు రూ. 589 పోగా మిగిలేది రూ. 581. మోటారు సైకిలు ఒక్కటే ఉన్న ఇంట్లో అదీ మిగలదు.

సరిహద్దులో ఉన్నవారికి ఇంకో మాట చెప్పాలి. ఆంధ్రలో కంటే ఒడిశాలో పెట్రోలు ధర లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు బండ్లు మన బంకులకు రావడం అందుకే. విశాఖకు కారులో వెళ్లేవారు సరిహద్దులోని గిరిసోల దాటకముందే ట్యాంకు నింపుకుంటే, ఆ ధర తేడా చాలా పెట్రోలు కార్డుల లాభం కంటే ఎక్కువగా ఉంటుంది.

రైలు ప్రయాణాలకు ఏ కార్డు మేలు?

మీరు ఏ తరగతిలో ప్రయాణిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లోనో ఫలక్‌నుమాలోనో సికింద్రాబాదుకు, రాయగడ నుంచి హీరాఖండ్‌లో భువనేశ్వర్‌కు ఏసీ పెట్టెల్లో వెళ్లే కుటుంబాలకు ఐఆర్‌సీటీసీ పేరుతో వచ్చే కార్డులు నిజంగా ఉపయోగపడతాయి. ఐఆర్‌సీటీసీ ఎస్‌బీఐ కార్డు ఏసీ టికెట్ల మీద గరిష్ఠంగా 10 శాతం వరకు పాయింట్లు ఇచ్చే కార్డుగా పేరు పొందింది. అందులో ఒక పాయింటు టికెట్టు కొనుగోలులో ఒక రూపాయికి సమానం. ఏడాదికి రూ. 24,000 ఏసీ టికెట్లు కొని పూర్తిగా 10 శాతం పొందితే రూ. 2,400. మొదటి ఏడాది రుసుము రూ. 500, జీఎస్టీతో రూ. 590 పోతే రూ. 1,810 మిగులుతుంది. మనలాంటి ఇళ్లకు ఇది మంచి మొత్తం. స్లీపర్ తరగతిలో వెళ్లేవారికి ఆ 10 శాతం వర్తించదు కాబట్టి, అటువంటి వారు ఈ కార్డు కోసం రుసుము కట్టనవసరం లేదు.

టికెట్టు కొనేటప్పుడు పడే రుసుములు కూడా చూసుకోవాలి. ఐఆర్‌సీటీసీలో సౌకర్య రుసుము ఏసీ టికెట్టుకు రూ. 30, ఇతర తరగతులకు రూ. 15, దాని మీద జీఎస్టీ. యూపీఐతో చెల్లిస్తే అవి రూ. 20, రూ. 10 అవుతాయి. క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే ఆ పైన టికెట్టు ధర మీద గేట్‌వే రుసుము (ఆన్‌లైన్ చెల్లింపును నడిపే సంస్థ తీసుకునేది) విడిగా పడుతుంది. 1 శాతం రివార్డు ఇచ్చే సాధారణ కార్డుతో టికెట్టు కొంటే ఆ రుసుముకీ రివార్డుకీ చెల్లు అయిపోతుంది. అలాంటప్పుడు బ్యాంకు ఖాతా యూపీఐతో కట్టడమే సులువు.

టికెట్టు రద్దు చేస్తే సొమ్ము కార్డు ఖాతాలోకే వస్తుంది, దానికి వచ్చిన పాయింట్లు వెనక్కి పోతాయి. వెయిటింగ్ లిస్టు టికెట్లు ఎక్కువగా తీసే పండుగ రోజుల్లో ఈ విషయం తెలిసి ఉండాలి, ఎందుకంటే సొమ్ము వెనక్కి రాకముందే బిల్లు గడువు వస్తే ఆ మొత్తాన్ని కూడా కలిపి కట్టడమే క్షేమం.

విమానాశ్రయ లాంజ్ సౌకర్యం కోసం కార్డు తీసుకోవచ్చా?

ఏడాదికి నాలుగైదు సార్లయినా విశాఖ, భువనేశ్వర్ లేదా హైదరాబాదు నుంచి విమానం ఎక్కేవారు ఆలోచించవచ్చు. చాలా బ్యాంకులు ఇప్పుడు గత మూడు నెలల్లో నిర్ణీత మొత్తం ఖర్చు చేస్తేనే లాంజ్ ప్రవేశం ఇస్తున్నాయి. ఆ మొత్తం చేరడానికి అవసరం లేని వస్తువులు కొనడం మొదలైతే, లాంజ్‌లో తిన్న భోజనం చాలా ఖరీదైనదవుతుంది.

ఆన్‌లైన్ కొనుగోళ్లకు?

ఒకే సైటులో ఎక్కువగా కొనేవారికి ఆ సైటు పేరుతో వచ్చిన కార్డు, రకరకాల సైట్లలో కొనేవారికి సాధారణ క్యాష్‌బ్యాక్ కార్డు సరిపోతాయి. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక రుసుము లేదు. అమెజాన్‌లో ప్రైమ్ సభ్యులకు 5 శాతం, ఇతరులకు 3 శాతం ఇచ్చే కార్డుగా అది స్థిరపడింది. ఫ్లిప్‌కార్ట్‌లో కొనేవారికి అదే ధోరణిలో యాక్సిస్ బ్యాంకు కార్డు ఉంది, దానికి వార్షిక రుసుము ఉంటుంది. మొదటి కార్డుగా రుసుము లేనిదాన్ని తీసుకోవడమే నేను సూచించేది, ఎందుకంటే వాడినా వాడకపోయినా నష్టం ఉండదు.

కరెంటు బిల్లు, అద్దె, బడి ఫీజు మీద పాయింట్లు వస్తాయా?

చాలా కార్డులకు ఇవి మినహాయింపుల జాబితాలో ఉంటాయి, లేదా నెలకు ఇంతవరకే అన్న పరిమితి ఉంటుంది. అద్దె మీద 1 శాతం రుసుము వసూలు చేసే బ్యాంకులు ఉన్నాయి. వాలెట్‌లో డబ్బు వేయడం, బీమా ప్రీమియం, బంగారం, ప్రభుత్వ చెల్లింపులు కూడా తరచుగా ఈ జాబితాలోనే కనిపిస్తాయి. దక్షిణ ఒడిశాలో కరెంటు సరఫరా చేసే టీపీఎస్‌ఓడీఎల్ బిల్లును కార్డుతో కట్టాలనుకునేవారు ముందుగా ఆ జాబితా చదవాలి. నేను వాడుతున్న ఒక కార్డు ఏడాది మధ్యలో కరెంటు బిల్లు పాయింట్లను తీసివేసింది. బ్యాంకు పంపిన సందేశాన్ని నేను చదవలేదు, మూడు నెలలు పాయింట్లు వస్తున్నాయనుకుంటూ కట్టాను. బ్యాంకు నుంచి వచ్చే షరతుల మార్పు సందేశాన్ని ప్రకటనగా భావించి తీసివేయవద్దు.

జీతం చీటీ, ఐటీ రిటర్ను లేనివారికి కార్డు వస్తుందా?

బరంపురం పట్టు నేసేవారు, కేవడా అత్తరు వ్యాపారులు, చిన్న దుకాణదారులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. వారికి సరైన దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. డిపాజిట్ మొత్తంలో కొంత శాతం కార్డు మీద ఖర్చు చేయగల లిమిట్‌గా ఇస్తారు, డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది, ఆదాయ పత్రాలు అడగరు. ఏడాది పాటు బిల్లులు సకాలంలో కడితే సిబిల్ స్కోరు (అప్పులు తీర్చే తీరును బట్టి క్రెడిట్ సమాచార సంస్థ ఇచ్చే మార్కు) ఏర్పడి, డిపాజిట్ అవసరం లేని కార్డుకు అర్హత వస్తుంది. ఇంట్లో చదువు పూర్తిచేసిన పిల్లలకు కూడా ఇదే మొదటి మెట్టుగా చెబుతాను.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఆటంకాలు రెండు ఉన్నాయి. కొన్ని బ్యాంకులు కొన్ని పిన్‌కోడ్‌లకు కార్డులు ఇవ్వవు. గుణుపురం, పర్లాకిమిడి వంటి చోట్ల ఉండేవారు దరఖాస్తుకు ముందే తమ పిన్‌కోడ్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే తిరస్కరణకు గురైన దరఖాస్తు కూడా సిబిల్ నివేదికలో విచారణగా నమోదవుతుంది. రెండోది పేరు. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు, ఇక్కడి పద్ధతిలో చివర రాయడం వల్ల ఆధార్‌లో ఒక రకంగా, పాన్‌లో ఒక రకంగా పేరు ఉన్నవారు మనలో ఎందరో ఉన్నారు. అక్షరాల తేడాతో సహా ఆ రెండూ ఒకటిగా ఉండేలా ముందు సరిచేయించుకోండి.

ఎన్ని కార్డులు ఉండవచ్చు? సిబిల్ స్కోరు దెబ్బతింటుందా?

రెండు చాలు. గడువు తేదీలు గుర్తుంచుకోవడం కష్టమనిపిస్తే ఒకటే మేలు. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది, 750 పైన ఉంటే బ్యాంకులు సాధారణంగా సుముఖంగా ఉంటాయి. లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడటం, ఆలస్యం లేకుండా కట్టడం స్కోరును కాపాడతాయి. సిబిల్‌తో సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఇంటి రుణం తీసుకునే ఆలోచన ఉన్నవారు దానికి ఆరు నెలల ముందు నుంచి కొత్త కార్డులకు దరఖాస్తు చేయకపోవడం మంచిది.

గల్ఫ్ దేశాలకు వెళ్లే మావాళ్లు ఇక్కడి కార్డు వాడవచ్చా?

వాడవచ్చు, కానీ చాలా కార్డులు విదేశీ చెల్లింపు మీద 3.5 శాతం వరకు మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తాయి. రూ. 10,000 ఖర్చుకు రూ. 413 అదనం. అక్కడి దుకాణంలో రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే వద్దని చెప్పి, స్థానిక కరెన్సీలోనే చెల్లించాలి. లేకపోతే దుకాణం వైపు నుంచి కూడా మారకపు ధరలో కోత పడుతుంది. ఇంటి దగ్గర ఉన్నప్పుడు విదేశీ లావాదేవీల మీటను యాప్‌లో ఆపి ఉంచండి.

కార్డుతో మోసం జరిగితే ఏం చేయాలి?

వెంటనే యాప్‌లో కార్డును నిలిపివేసి, బ్యాంకుకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. సైబర్ మోసాలకు 1930 నంబరుకు ఫోను చేయండి. బ్యాంకు తప్పూ మీ తప్పూ కాని మూడో పక్షం లోపం వల్ల సొమ్ము పోయినప్పుడు, బ్యాంకు సందేశం అందిన మూడు పని దినాల లోపు తెలియజేస్తే మీకు ఎటువంటి బాధ్యతా ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశించింది. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే, రూ. 5 లక్షల వరకు లిమిట్ ఉన్న కార్డుకు మీ నష్టం గరిష్ఠంగా రూ. 10,000. మీరే ఓటీపీ చెప్పిన సందర్భంలో మాత్రం, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం మీదే అవుతుంది. పాయింట్ల గడువు ముగుస్తోందని, వాటిని సొమ్ముగా మారుస్తామని చెప్పి ఓటీపీ అడిగే ఫోన్లు తెలుగులోనూ ఒడియాలోనూ వస్తున్నాయి. ఏ బ్యాంకూ అలా అడగదు. ఇంట్లో పెద్దవారికి ఈ ఒక్క మాట కూర్చోబెట్టి చెప్పండి.

బ్యాంకు ముప్పై రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

అవసరం లేని కార్డును ఎలా మూసివేయాలి?

ముందు మిగిలిన పాయింట్లను వాడేసుకోండి, తరువాత బాకీ మొత్తం కట్టండి, ఆ కార్డు మీద ఆటోమేటిక్‌గా కోత పడే చెల్లింపులను వేరే చోటికి మార్చండి. ఆపైన లిఖితపూర్వకంగా మూసివేత కోరండి. 2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం, బాకీ లేని కార్డును ఏడు పని దినాల్లో మూసివేయకపోతే, మూసేవరకు రోజుకు రూ. 500 చొప్పున బ్యాంకు మీకు చెల్లించాలి. మూసివేసినట్టు నిర్ధారణ సందేశం అందిన తరువాత, ఒకటి రెండు నెలలు ఆగి సిబిల్ నివేదికలో ఆ ఖాతా మూతపడినట్టు కనిపిస్తోందో లేదో చూసుకోండి.